ఏయ్

నా పేరు సంగమేశ్వరి.
జేబు మీద పిన్నుతో గుచ్చుకున్న పలక మీద
తెల్ల అక్షరాల్లో ఉంటుంది.
సువర్ణలీల సిస్టర్‌కి దగ్గరి చూపు తక్కువో ఏమో
పది నెలలైనా చదవలేదు.

"ఏయ్" అంటుంది.
ట్రేలోంచి కత్తెర జారి గచ్చు మీద పడ్డట్టుంటుంది ఆ పిలుపు.
ముప్పై రెండు మంచాలూ
తల తిప్పి నన్నే చూస్తాయి.

పటాన్‌చెరు నుంచి కోఠి దాకా
218లో నిలబడి వచ్చిన కాళ్ళు,
లిఫ్టు చెడిపోతే నాలుగంతస్తులెక్కిన కాళ్ళు
ఆ ఒక్క అక్షరానికి వణుకుతాయి.
"నరం దొరకదానే నీకు?
ఏ సంతలో కొన్నవ్ సర్టిఫికెట్టు?"
రోగి మోచేతి మీద నా బొటనవేలు
స్పిరిట్ దూదిలా చల్లబడుతుంది.
స్టోర్‌రూంలో సెలైన్ పెట్టెల వెనక
రెండు నిమిషాలు ఏడుస్తాను.
అంతకు మించి టైం ఉండదు,
ఆరింటికి టెంపరేచర్లు రాయాలి.

అట్లని చెడ్డ మనిషి అని ఒక్క ముక్కలో తేల్చేద్దామంటే
మొన్నొక పసిపిల్ల.
ముగ్గురు డాక్టర్లు పొడిచి పొడిచి వదిలేసిన చేతిని
ఒడిలోకి తీసుకుని
కళ్ళు మూసుకుని వేలితో తడిమి
ఒక్కసారికే సూది పెట్టింది.
ఆ వేలి మీద కోపం ఎట్ల తెచ్చుకోవాలో
నాకు తెలియలేదు.
"ఏయ్, ప్లాస్టర్ ఏదే?" అంది.
తెలిసింది.

ఆ రాత్రి డ్యూటీ.
పదకొండో మంచం గఫూర్ తాత, షుగరు, కాలి పుండు.
చుడీబజార్‌లో గడియారాలు బాగుచేసేవాడట.
సెలైన్ చుక్కలు లెక్కబెట్టి
"సంగమేశ్వరీ బేటా, నీ బాటిల్
నిమిషానికి రెండు చుక్కలు లేటు నడుస్తాంది" అని నవ్వుతాడు.
ఈ వార్డులో నా పేరును
విరగ్గొట్టకుండా పలికేది ఆయనొక్కడే.

కేస్ షీట్ మీద చిన్న డాక్టరు గీకిన గీత:
నాలుగు. పక్కన యూనిట్లకు గుర్తుగా ఓ 'యు'.
ఆ యు నెత్తి మూసుకుపోయి
సున్నాలా కూర్చుంది.
సువర్ణలీల సిస్టర్
సిరంజి నిండా నలభై లాగింది.

పది నెలలూ నా గొంతులో అడ్డం పడ్డాయి.
"సిస్టర్, ఒక్కసారి..."
"నాకు నేర్పుతవా? నీకు పాలపళ్ళు ఊడనినాడు
ఈ వార్డుకు ఇన్‌ఛార్జిని నేను."
"అవును సిస్టర్. అది నాలుగు."
గట్టిగా అనలేదు.
వణకలేదని కూడా చెప్పను.
ట్రేకీ మంచానికీ మధ్య నిలబడ్డాను, అంతే.
"డాక్టరుకి ఫోన్ చేసేదాకా జరగను."

స్పీకర్లో నిద్రమత్తు గొంతు:
"ఏయ్ సిస్టర్, నలభై ఎవరన్నా ఇస్తారా?
బుర్రుందా?"
ఆమె కొడుకు వయసుంటుంది ఆ గొంతుకి.
ఆ 'ఏయ్' పడ్డచోటు నాకు తెలుసు.
చూడకుండా తల తిప్పుకున్నాను.

సింకులో సిరంజి ఖాళీ చేసింది.
కొళాయి చాలాసేపు కట్టలేదు.
రిజిస్టర్లో జరిగింది జరిగినట్టు నేనే రాశాను,
టైముతో సహా, కింద నా పూర్తి పేరుతో.
చదివింది. కొట్టేయలేదు.
సంతకం పెట్టి కళ్ళద్దాలు తుడుచుకుంది.

మర్నాడూ "ఏయ్" అనే పిలిచింది.
నేను తిరగలేదు.
మళ్ళీ పిలిచింది.
"సంగమేశ్వరి, సిస్టర్" అన్నాను, దుప్పటి మడతపెడుతూనే.
"అబ్బో, అంత పేరు పలికేసరికి పేషెంటు పోతడు" అంది.
పలకలేదు.
ఆ రోజు మాత్రం ఏ పిలుపూ లేకుండా
దగ్గరికొచ్చి చెప్పింది పని.

ఇప్పుడు వార్డుకి కొత్తపిల్ల వచ్చింది,
ఇస్త్రీ మడతలు పోని యూనిఫాంతో.
రెండో రోజే ట్రే వంచేసింది, మందులన్నీ కింద.
నేను రెండు డ్యూటీలు వరసగా చేసి ఉన్నాను.
నాలుక మీదికి అదే వచ్చింది
"ఏ..."
సగం బయటికి వచ్చేసింది కూడా.
వెనక్కి లాక్కోవడానికి లేదు.
మిగతా సగం మార్చాను

"ఏం పేరు బిడ్డా, నీది?"